దానం కాదు, బాకీ

నీతిని గురించి మాట్లాడవలసి వస్తే మనం ఎప్పుడూ పెద్ద ఉదాహరణలే ఎత్తుకుంటాం. సత్యం కోసం రాజ్యం వదులుకున్నవాళ్ళు, ఇచ్చిన మాట కోసం ప్రాణం పెట్టినవాళ్ళు మనకు గుర్తుకొస్తారు. వాళ్ళు గొప్పవాళ్ళే. కాని నెల జీతం మీద బతుకుతూ, సాయంత్రం సంచి పట్టుకుని కూరగాయలకు వెళ్ళే మనబోటివాళ్ళకు అంతటి పరీక్షలు రావు. మనకు వచ్చేవి చిన్న పరీక్షలు. చిన్నవి కాబట్టి అవి పరీక్షలని కూడా మనకు తెలియదు. అటువంటి ప్రశ్న ఒకటి ఇక్కడ పాఠకుల ముందు పెడుతున్నాను. మనుషులకు అంటని రోగం ఒకటి ఉంది. అది కుక్కపిల్లలను చంపుతుంది. దాన్ని ఆపవలసిన పూచీ మనకేమైనా ఉందా? ఉంటే అది మన దయా, లేక మనం తీర్చవలసిన అప్పా?

కుక్కల జబ్బుకు ఇంత మీమాంస ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఒక్క సంగతి గమనించండి. కుక్కల జబ్బుల్లో ఊరందరికీ తెలిసింది రేబిస్ ఒక్కటే. అది మనిషికి వస్తుంది, వచ్చి ముదిరితే బతకడం దాదాపు లేదు. కాబట్టే దానికోసం చట్టం, నిధులు, మునిసిపాలిటీ బండి ఉన్నాయి. 2001లో వచ్చిన నియమాలు గాని, వాటి స్థానంలో 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు గాని, వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేయాలంటాయి. మంచి పనే. కాని ఆ టీకా కుక్క ఒంట్లోకి వెళ్ళినా, అది ముఖ్యంగా మనకోసం వేసేది. అందులో అసలు మనది, కుక్కకు దక్కేది వడ్డీ. మనకు భయం లేని రోగానికి ఏ బండీ రాదు. అందుచేత మన దయ ఎంత పాటిదో కొలవాలంటే, మనకు భయం లేని చోటనే కొలవాలి.

ఆ రోగం పేరు పార్వో. ఆ పేరుగల వైరస్ వల్ల కుక్కలకు వచ్చే తీవ్రమైన పేగుల జబ్బు. 1978లో ఇది కొత్త రోగంగా ప్రపంచం కంటబడింది. పిల్లులకు ఎంతోకాలంగా ఉన్న ఒక వైరసో, దాని దగ్గరి చుట్టమో కాస్త మారి కుక్కలకు పట్టుకున్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రెండేళ్ళలోనే అది దేశదేశాలూ చుట్టేసింది. కుక్కలకు తగిన టీకా తయారయ్యేదాకా పిల్లుల టీకానే వేసి కొంతకాలం నెట్టుకొచ్చారు. మన దేశంలో 1980ల మొదట్లోనే మద్రాసులో దీన్ని గుర్తించారు. అంటే ఈ రోగం వయసులో నాకంటే చిన్నది. ఇంత తక్కువ కాలంలోనే కుక్కపిల్ల ఉన్న ప్రతి ఇంటి గుమ్మం దాకా వచ్చి నిలుచుంది.

నోటి గుండా లోపలికి పోయిన ఈ వైరస్ త్వరత్వరగా పెరిగే కణాలను పట్టుకుంటుంది. పేగు లోపలి పొర, ఎముకల్లోని మూలుగ అటువంటి కణాలుండే చోట్లు. పేగు పొర దెబ్బతింటే తిన్నది ఒంటబట్టదు, తాగిన నీరు నిలవదు. మూలుగ దెబ్బతింటే తెల్లరక్తకణాలు పడిపోయి, పేగులోని సూక్ష్మజీవులు నెత్తుట్లోకి పోయినా అడ్డుకునే దిక్కుండదు. సాధారణంగా సోకిన 3 నుంచి 7 రోజుల్లో పిల్ల మూలకు చేరుతుంది. తిండి మానేస్తుంది. వాంతులు, ఆ తరువాత దుర్వాసనతో నెత్తురు విరేచనాలు. చికిత్స లేకపోతే సోకిన పిల్లల్లో నూటికి 90 దాకా చనిపోవచ్చు. వెంటనే సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపే మందులు ఇచ్చి, కనిపెట్టుకుని ఉంటే ఎక్కువ భాగం బతుకుతాయి. పార్వో వైరస్‌ను చంపే మాత్ర మందుల షాపులో దొరకదు. నీరు, ఉప్పు, వేడి, పోషణ అందిస్తూ, ఆ పిల్ల తనంతట తాను గెలిచేదాకా దాన్ని నిలబెట్టడమే వైద్యం.

కుక్కలకు విరేచనాలన్నీ పార్వోయే కాదు. కుక్కల్లో వేరే కరోనా వైరస్ ఉంది, 2020లో మనల్ని ఇళ్ళల్లో కూర్చోబెట్టింది అది కాదు. అది పిల్లలకు సాధారణంగా తేలికపాటి విరేచనాలు తెస్తుంది. డిస్టెంపర్ ఉంది, కడుపుతో పాటు ఊపిరితిత్తులనూ నరాలనూ పట్టుకుంటుంది. ఏలికపాములు, కొంకిపురుగులు ఉన్నాయి, ఇవి మనుషులకు కూడా రాగలవు. చూపుతో వీటిని విడదీయడం మనవల్ల కాదు. పిల్ల నెత్తురు కక్కినా, విరేచనంలో నెత్తురు పడినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆ పూటే పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి.

ఇక మన ప్రశ్నకు సంబంధించిన అసలు సంగతి. పార్వో గాలిలో ఎగిరి రాదు. జబ్బు కుక్క విరేచనంలో కోట్లాదిగా బయటపడి, నేల మీద, గోనె మీద, గిన్నె మీద ఉండిపోతుంది. నీడగా, చెమ్మగా ఉన్న చోట నెలల తరబడి బతుకుతుంది. విరేచనం ఎండి రాలిపోయినా, కంటికి శుభ్రంగా కనిపించినా అక్కడే ఉంటుంది. మన చెప్పులకు, బండి చక్రాలకు, కుక్కను ఎత్తుకున్న చేతులకు అంటుకుని ఇంకో ఇంటికి వెళుతుంది. పైగా జబ్బు లక్షణాలు కనిపించకముందే విరేచనంలో వైరస్ పడడం మొదలవుతుంది, కోలుకున్నాక కూడా కొన్నాళ్ళు పడుతూనే ఉంటుంది. ఈ రోగం మనకు అంటదు. కాని మనం అంటిస్తాం. రోగిగా మన పేరు ఆ చిట్టాలో లేదు, మోసుకుపోయేవాడిగా ఉంది. ఈ తేడా తెలిసిన తరువాత ‘మనకేం సంబంధం’ అనే మాట నోట రావడం కష్టం.

మా హోసూరులో కొన్నేళ్ళ క్రితం జరిగింది చెబుతాను. తమిళం, తెలుగు, కన్నడం ఒకే కుళాయి దగ్గర వినిపించే వీధి మాది. ఒక ఇంటివారు పిల్లల ముచ్చట తీర్చడానికి నలభై రోజుల కుక్కపిల్లను కొనుక్కొచ్చారు. వచ్చిన మరునాడే అది వాంతి చేసుకుంది. నాలుగో రోజు చనిపోయింది. ఆ ఇంటి పిల్లలు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పెద్దవాళ్ళు దాని గోనెపట్టను వీధి మూల పారేశారు. గూడు కడిగిన నీళ్ళు వీధిలోకి పోయాయి. ఎదురుగా ఇస్త్రీ బండి కింద ఒక వీధికుక్క అయిదు పిల్లలను పెట్టుకుని ఉంది. ఆ పిల్లలు గోనెను ఈడ్చుకుపోయి దాని మీదే పడుకున్నాయి. రెండు వారాలు తిరక్కముందే నాలుగు చచ్చిపోయాయి. వాటికి రోజూ ఇంత అన్నం పెట్టే పూలమ్మే ఆమె ఆ ఇంటాయనను గేటు దగ్గర నిలబెట్టి అడిగింది:

“ఏమన్నా, అంటే రోగమని తెలిసి గూడా ఆ గోనె ఈడ పారేస్తిరే?”

ఆయన నొచ్చుకున్నాడు. “అక్కా, ఇంట్లో బిడ్డ పోయినట్టుంది మాకు. ఆ బాధలో ఇవన్నీ ఎవరికి తోస్తాయి? అసలు ఈ వీధికుక్కల వల్లే కదా మా దానికి వచ్చింది!”

ఆయన దుఃఖం నిజం. ఆయన చెడ్డవాడు కాడు. కాని ఆయన చెప్పిన లెక్క తప్పు. సోకిన తరువాత జబ్బు బయటపడడానికి మామూలుగా కనీసం మూడు రోజులు కావాలి. పిల్ల వచ్చిన మరునాడే వాంతి చేసుకుందంటే రోగం దానితోపాటే వచ్చిందన్న మాట. తారీఖులు పక్కపక్కన రాసుకుంటే ఎవరికైనా తెలుస్తుంది. అయినా మన వేలు ముందు వీధికుక్క వైపే చూపిస్తుంది. చాలా వీధుల్లో పెద్దవయసు వీధికుక్కలు పసితనంలోనే ఈ రోగానికి తట్టుకుని బతికినవి. చచ్చేవి వాటి పిల్లలు. ఖరీదు పెట్టి కొన్న పిల్ల శుభ్రమైనది, చెత్తకుప్ప దగ్గరి పిల్ల మురికిది అనే నమ్మకం మనుషుల మధ్య ఉన్న పాత నమ్మకానికి నకలు. డబ్బున్న ఇంటినుంచి పేదవాడలోకి రోగం పోయినప్పుడు కూడా పేదవాణ్ణే తప్పుపట్టడం మనకు అలవాటు.

మరి ఆయనది నేరమా? కావాలని చేయలేదు కదా అని మనసు వెంటనే అంటుంది. ఆ గోనె వల్లనే ఆ పిల్లలు చచ్చాయని రుజువు కూడా లేదు. ఇటువంటి హానిలో రుజువు ఎప్పుడూ దొరకదు. అదే దీనిలోని చిక్కు. కర్ర పెట్టి కొట్టినవాడికి కొట్టానని తెలుస్తుంది. చెప్పుతో మోసినవాడికి తెలియదు.

అమెరికాలో సుపీరియర్ సరస్సు మధ్య ఐల్ రాయల్ అనే దీవి ఉంది. అది జాతీయ పార్కు, అక్కడికి పెంపుడు కుక్కలను తీసుకురాకూడదు. 1980లో ఆ దీవిలో తోడేళ్ళు 50 ఉండేవి. 1982 నాటికి 14 మిగిలాయి. ఆ మధ్యకాలంలో అక్కడికి పార్వో చేరిందని, ఎవరో నిషేధాన్ని లెక్కచేయకుండా తమ కుక్కను తెచ్చినందువల్లనే వచ్చి ఉంటుందని పరిశోధకులు భావించారు. ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు. బహుశా తన కుక్క మీద ప్రేమ కొద్దీ, ఇంట్లో ఒంటరిగా వదలలేకనే వెంట తెచ్చుకుని ఉంటాడు. ఆ రోజు సంతోషంగా తిరిగి ఇంటికి పోయి ఉంటాడు. తను చేసిన పని ఏమిటో అతనికి ఎన్నటికీ తెలిసి ఉండదు. ప్రేమ ఉన్నంత మాత్రాన హాని జరగదనుకోవడం పొరపాటని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

కుక్కనూ ధర్మాన్నీ కలిపి చెప్పమంటే మనవాళ్ళు వెంటనే ధర్మరాజు కథ చెబుతారు. వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. గొప్ప కథే. అయితే ఆ కుక్క ఆయన్ను నమ్మి చివరిదాకా వెంట నడిచినది, పైగా మారువేషంలో ఉన్న ధర్మదేవత. మహాభారతంలో ఇంకో కుక్క కథ ఉంది, అది మొదట్లోనే వస్తుంది. నన్నయగారు ఆదిపర్వంలో దాన్ని తెలుగు చేశారు. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవతల కుక్క కొడుకు అక్కడికి వస్తాడు. ఏమీ ముట్టుకోడు, ఏ తప్పూ చేయడు. రాజు తమ్ముళ్ళు వాణ్ణి కొడతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతాడు. సరమ యాగశాలకు వచ్చి, నిరపరాధిని ఎందుకు కొట్టారని నిలదీసి, మంచిచెడ్డలు విచారించకుండా దుర్బలులకు కీడు చేసేవాళ్ళకు అనుకోని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్ళిపోతుంది.

ఈ కథలో నాకు రెండు సంగతులు ముఖ్యమనిపిస్తాయి. సరమ కొడుకు ఎవరి వెంటా నడవలేదు, ఎవరికీ సేవ చేయలేదు. వాడికి న్యాయం కావాలంటే వాడి నిరపరాధం చాలు, విశ్వాసం చూపించనక్కర లేదు. రెండోది, కొట్టింది రాజు కాదు. అయినా కలత రాజుకు పట్టుకుంది, దాన్ని పోగొట్టుకోవడానికి తగిన పురోహితుణ్ణి వెతుక్కుంటూ ఆయనే పోవలసి వచ్చింది. యాగం ఆయనది. ఆయన ఆవరణలో జరిగిన దానికి ఆయనే జవాబుదారీ. మన గేటు లోపల కుక్కను పెంచడం కూడా చిన్న యాగం లాంటిదే. అక్కడినుంచి బయటికి పోయే దానికి జవాబు మనమే చెప్పాలి.

బి.కాం. చదివి బ్యాంకులో పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు ఇది లెక్కల్లోనే బాగా అర్థమవుతుంది. ఎవరికైనా బ్యాంకు గ్యారంటీ ఇస్తే, ఆ రోజు మా దగ్గరినుంచి రూపాయి పోదు. అయినా దాన్ని కంటింజెంట్ లయబిలిటీ అని రాసి చూపించి తీరాలి. రేపు మీద పడవచ్చు గనుక. కుక్కపిల్లను ఇంటికి తెచ్చిన రోజున మన పేరున అటువంటి పద్దు ఒకటి పడుతుంది. టీకా వేయించకపోతే మిగిలేది కొన్ని వందల రూపాయలు. ఆ మిగులు నిజంగా మిగులు కాదు. ఆ ఖర్చును మనం ఇంకొకరి ఖాతాకు మార్చాం, అంతే. ఆ ఇంకొకరు పక్కింటి పిల్ల కావచ్చు, ఇస్త్రీ బండి కింది పిల్ల కావచ్చు. వాటికి ఖాతా పుస్తకం లేదు, ఫిర్యాదు రాసే చేయి లేదు.

టీకా ఒక్కసారి వేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. ఇదీ బ్యాంకు భాషలోనే చెప్పవచ్చు. తల్లికి రక్షణ ఉంటే పుట్టగానే తాగిన ముర్రుపాలతో పిల్లకు కొంత డిపాజిట్టు ముడుతుంది. వారం వారం అది తరిగిపోతుంది. అది నిండుగా ఉన్నన్నాళ్ళు మనం వేసిన టీకా ఖాతాలో జమకాదు, తల్లి ఇచ్చిన రక్షణే దాన్ని అడ్డుకుంటుంది. చిక్కేమిటంటే, మధ్యలో కొన్నాళ్ళు ఆ నిల్వ రోగాన్ని ఆపడానికి చాలదు, టీకాను అడ్డుకోవడానికి మాత్రం చాలుతుంది. ఆ రోజులు ఏ పిల్లకు ఎప్పుడు వస్తాయో బయటికి తెలియదు. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకొకసారి, 16 వారాలు నిండేదాకా టీకా వేస్తూ పోతారు. ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య ఇంకొకటి వేసి, ఆపైన డాక్టరు చెప్పిన ప్రకారం నడుచుకోవాలి. మొదటి సూదితోనే పని అయిపోయిందనుకుని పిల్లను వీధిలో తిప్పడం, చెక్కు వేసిన రోజే డబ్బు తీయబోవడం లాంటిది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ధర్మాసుపత్రిలో మనుషులే నేల మీద పడుకుని ఉంటే కుక్కపిల్లల గురించి ఇంత ఆరాటమా? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసివేయను. మనిషి ముందు, నాకు అందులో సందేహం లేదు. కాని ఈ అభ్యంతరం దానం విషయంలో చెల్లుతుంది గాని, అప్పు విషయంలో చెల్లదు. దానం ఇచ్చేవాడు ఎవరికి ముందు ఇవ్వాలో ఎంచుకోవచ్చు. అప్పున్నవాడు, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టాను గనుక నీ బాకీ తీర్చనంటే ఎవరూ ఒప్పుకోరు. మన ఇంటినుంచి పోయే రోగాన్ని మన గేటు దగ్గర ఆపడం బాకీ తీర్చడమే. అందులో పుణ్యమేమీ లేదు.

పైగా ఈ బాకీలో ఎక్కువ భాగం డబ్బుతో పనిలేనిది. రెండు నెలలు నిండని పిల్లను కొనకుండా ఉండడానికి ఖర్చు లేదు. 2017లో వచ్చిన నియమాల ప్రకారం పెంపకందారులు 8 వారాల లోపు పిల్లను అమ్మకూడదు కూడా. కొనేవాళ్ళు లేకపోతే అమ్మేవాళ్ళుండరు. టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను పదిమంది కుక్కలు తిరిగే నేల మీద దించకుండా ఎత్తుకుని పోవడానికి ఖర్చు లేదు. జబ్బు పిల్ల ఉన్న ఇంటినుంచి ఇంకో పిల్ల ఉన్న ఇంటికి చెప్పులతో తిన్నగా పోకుండా ఉండడానికి ఖర్చు లేదు. చచ్చిన పిల్ల గోనెను పారేయకుండా కాల్చడమో, కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చడమో చేయవచ్చు. నేలకు మామూలుగా వాడే ఫినాయిలును నమ్ముకోకూడదు, ఈ వైరస్ చాలా మందులకు లొంగదు. ముందు మురికి పూర్తిగా కడిగి, ద్రవరూపంలో దొరికే బ్లీచి ఒక వంతుకు 30 వంతుల నీళ్ళు కలిపి, ఆ చోటు 10 నిమిషాలు తడిగా ఉండేట్టు చూడాలి. బ్లీచిని ఫినాయిలుతో గాని, యాసిడ్‌తో గాని కలపకూడదు. ఆ ఇంట్లోకి కొన్ని నెలలదాకా టీకాలు పూర్తికాని పిల్లను తేకూడదు.

ఈ బాధ్యతకు హద్దు లేదా అని అడగవచ్చు. ఉంది. లోకంలోని కుక్కలన్నిటికీ పూచీపడమని ఏ ధర్మమూ చెప్పదు. నేను పెంచే ప్రాణికి నేను పూర్తిగా బాధ్యుణ్ణి. నా కుక్క విరేచనం, నా చెప్పు, నా గూడు కడిగిన నీళ్ళు ఎంత దూరం పోతే అంత దూరం నా బాకీ పోతుంది. ఆపైన ఉన్నది దయ. వీధిలో పదిళ్ళవాళ్ళు తలా కొంత వేసుకుని ఇస్త్రీ బండి కింది పిల్లలకు కూడా టీకా వేయిస్తే అది దయ, వేయించినవాళ్ళకు నమస్కారం. నేనంటున్నది దయ చూపలేనివాడు కూడా బాకీ ఎగ్గొట్టకూడదని మాత్రమే.

ఆ బాకీలో అన్నిటికంటే బరువైన పద్దు నోటిమాట. ఇంట్లో కుక్కకు పార్వో వచ్చిందని చెప్పుకోవడానికి జనం జంకుతారు. శుభ్రత లేని ఇల్లనుకుంటారని, అంత డబ్బు పెట్టి జబ్బు పిల్లను తెచ్చుకున్నారంటారని సిగ్గు. ఆ సిగ్గు చాటునే రోగం నాలుగిళ్ళు దాటుతుంది. మనుషుల రోగాల విషయంలోనూ ఇదే చూశాం. కుక్కకు జబ్బు అని తెలిసిన పూటే ఇరుగింటికీ పొరుగింటికీ, బండి కింది పిల్లలకు అన్నం పెట్టే ఆమెకూ ఆ సంగతి వాళ్ళ భాషలో చెబితే, వాళ్ళు తమ పిల్లలను తప్పించుకుంటారు. అది ఏ టీకాకూ తీసిపోని పని. చెప్పినందుకు ఎవరైనా ఒక మాట అంటే పడాలి. బాకీ తీర్చేటప్పుడు ఎదుటివాడు ముఖం చిట్లించినా మనం లెక్కపెట్టి ఇచ్చే వస్తాం కదా.